కొసలు కోసిన గ్లౌజులు

శాసనసభలో కూర్చున్నా ఆవిరమ్మ చేతులు ఊరుకోవు. ఎదుట పెట్టిన కాగితాలను అంచుకి అంచు కలిపి, సగానికి మడిచి, మళ్ళీ మడిచి, అరచేత్తో ఒత్తి పక్కన పెడుతుంది. పక్క సీటులో కూర్చునే ముసలి సభ్యుడు మొదట్లో వింతగా చూసేవాడు. ఇప్పుడు తన కాగితాలు కూడా ఆమె వైపు జరుపుతున్నాడు. "మీరు మడిస్తే జేబులో బుద్ధిగా కూర్చుంటాయమ్మా" అంటాడు.

ఆవిరమ్మన్న పేరు ఆమెకు తన లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళు పెట్టారు. ఆవిరి గొట్టం పక్కన నిలబడి, గొట్టం కంటే గట్టిగా అరుస్తుందని పెట్టారు. ఎన్నికల్లో అవతలి పార్టీవాళ్ళు దాన్నే వెక్కిరింతకి వాడుకున్నారు. "ఆవిరిదేముంది, మూత తీస్తే పోతుంది" అన్నారు. ఓట్లు లెక్కపెట్టాక వాళ్ళే పోయారు. ఆమె తన గది తలుపు మీద సొంత పేరు కింద ఆ పేరు కూడా రాయించుకుంది.

శుక్రవారం కమిటీ గదిలో మాత్రం ఆమె కాగితం మడవలేదు. ఆసుపత్రుల చెత్త గురించిన బిల్లు అది. అందులో లాండ్రీల గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఆసుపత్రి గుడ్డలు ఉతికేచోట ఎవరికైనా సూది గుచ్చుకుంటే యజమాని ఆ రోజే వైద్యం చేయించాలి. ఖర్చు తనే పెట్టుకోవాలి. అధికారికి తెలియజేయాలి. సూది గుడ్డల్లోకి ఎలా వచ్చిందో పంపిన ఆసుపత్రి జవాబు చెప్పాలి. అంతే. కానీ లాండ్రీల సంఘానికి ఆ నాలుగు వాక్యాలూ గొంతులో ముల్లయ్యాయి. జవాబు చెప్పాల్సి వస్తే ఏ ఆసుపత్రి బయటికి గుడ్డలు పంపుతుంది? సంఘంవాళ్ళు ఆమె కోసం ఎండలో వీధి వీధి తిరిగినవాళ్ళు.

"చట్టం లేకపోయినా జాగ్రత్త ఉంటుందండీ" అంది ఆమె కమిటీ అధ్యక్షుడితో. "మా లాండ్రీకి వచ్చి చూడండి. ప్రతి చేతికీ గ్లౌజు ఉంటుంది."

అధ్యక్షుడు ఒకప్పుడు డాక్టరు. మాట తక్కువ మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సోమవారం వస్తాం" అన్నాడు.

శనివారం పొద్దున ఆమె లాండ్రీలో అడుగు పెట్టేసరికి మరిది గొట్టాలకి రంగు వేయిస్తున్నాడు. ఆమె సభకి వెళ్ళినప్పటి నుంచి లాండ్రీ నడిపేది అతనే. ఎప్పుడూ ఏదో మరిచిపోయి వెతుక్కునేవాడిలా ఉంటాడు గానీ ఏదీ మరిచిపోడు.

"పాత గొట్టానికి కొత్త రంగెందుకు?" అని అడిగింది.

"చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడ్చుకోమా వదినా?"

"చుట్టాలు కారు. పని చూడ్డానికొస్తున్నారు."

"చూడ్డానికొచ్చినవాడికి ముందు కనపడేది గోడే." అతను బ్రష్షుతో గదిలోకి చూపించాడు. "గ్లౌజులు కూడా కొత్తవి తెప్పించాను. పెట్టెలు విప్పొద్దని చెప్పాను. సోమవారమే విప్పాలి."

లోపల ఏరుడు బల్ల చుట్టూ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన మూటలు బల్ల మీద విప్పి, దుప్పట్లు ఒక వైపు, దిండు గలీబులు ఒక వైపు, బాగా మరకలైనవి ఇంకో వైపు విసురుతున్నారు. తడి గుడ్డ పడితే ఒక చప్పుడు, పొడి గుడ్డ పడితే ఒక చప్పుడు. కళ్ళు మూసుకుని వింటే ఏ తొట్టిలో ఏది పడిందో ఆవిరమ్మకి ఇప్పటికీ తెలుస్తుంది.

అందరి చేతులకీ గ్లౌజులున్నాయి. ఏ గ్లౌజుకీ వేలికొసలు లేవు.

బల్ల తల దగ్గర గోడకి ఒక మేకు. మేకుకి కత్తెర. కొత్తగా పనికి వచ్చినవాళ్ళకి మొదటి రోజు గ్లౌజు ఇచ్చి, తొడిగించి, పెద్దవాళ్ళెవరో ఆ కత్తెరతో బొటనవేలూ, రెండు వేళ్ళూ కొసలు కోసి పెడతారు. రబ్బరుకి తడి అంచు దొరకదు. జారిపోతుంది. గుడ్డ మడతలో చెంచా ఉందో, పెన్ను ఉందో వట్టి వేలికైతే ఇట్టే తెలుస్తుంది. ఒకసారి ఎవరివో పళ్ళ సెట్టు దొరికింది. వారం రోజులు నవ్వుకున్నారు. కొస కోసిన చేయి రెండు మూటలు ఏరేలోపు కొయ్యని చేయి ఒక్క మూట ఏరుతుంది.

బల్ల తల దగ్గర నిలబడేది ఆవిరమ్మ తోటికోడలు. ఇంట్లో పెద్దకోడలు, లాండ్రీలోనూ పెద్దదే. లావుపాటి మనిషి. కళ్ళజోడుకి వెనక నాడా కట్టుకుంటుంది. పెరట్లో ఒక తొట్టి, ఒక పొయ్యి పెట్టుకుని ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన పని ఇది. ఆ తర్వాత ఒకరు ఆఫీసు గదిలోకి, ఒకరు బల్ల దగ్గరికి వెళ్ళారు. ఎవరు ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు.

"వచ్చావా చెల్లీ" అంది తోటికోడలు తల ఎత్తకుండా. "సభలో కుర్చీలు మెత్తగా ఉంటాయటగా. నిలబడ్డం మరిచిపోయావేమోనని అనుకుంటున్నాం."

"నువ్వు గుర్తు చేస్తావుగా అక్కా."

"ఆ చివర పట్టుకో అయితే."

ఆవిరమ్మ చేతి గడియారం తీసి జేబులో వేసుకుని దుప్పటి చివర పట్టుకుంది. తోటికోడలు తన వైపు మడత విదిలించింది. విదిలించిన చేయి అలాగే ఆగిపోయింది.

"స్స్" అంది. అంతే.

చూపుడు వేలి కొసన సూది నిలబడి ఉంది. గొట్టం ఊడిపోయిన సూది, వట్టి ముల్లు. తోటికోడలు దాన్ని రెండో చేత్తో లాగి, బల్ల కింద ఉండే రేకు డబ్బాలో వేసింది. డబ్బాలో అంతకు ముందు పడ్డవాటి మీద పడి చిన్న చప్పుడు చేసింది. ఆడవాళ్ళు చేతులు ఆపలేదు. కానీ గుడ్డలు విసరడం మానేసి, మెల్లిగా తొట్లో పెట్టసాగారు.

కుళాయి దగ్గర సబ్బు పెట్టి వేలు కడిగింది. నీళ్ళు ఎర్రగా, తర్వాత లేత ఎరుపుగా, తర్వాత నీళ్ళలాగా పోయాయి. ఆవిరమ్మ పక్కనే నిలబడింది. మరిది రంగు చేతులతోనే వచ్చాడు.

"ఆసుపత్రికి వెళ్దాం అక్కా" అంది ఆవిరమ్మ.

"వెళ్తే ఏమని చెబుతాం వదినా?" అన్నాడు మరిది. "వాళ్ళ దుప్పట్లోనే వాళ్ళ సూది గుచ్చుకుందని వాళ్ళ చీటీ మీదే రాయించుకుంటామా? సోమవారం మీ కమిటీ వస్తోంది. ఆ పెద్దాయన డాక్టరు. ఆసుపత్రిలో ఆయనకి తెలియనివాళ్ళెవరు?"

"వేరే ఆసుపత్రికి వెళ్దాం."

"ఎక్కడికెళ్ళినా ఎక్కడ పనిచేస్తావనే మొదట అడిగేది."

ఆవిరమ్మకి తెలుసు. ఇంకా ఎక్కువే తెలుసు. కమిటీ ముందుకి వచ్చిన ఒక నిపుణురాలు చెప్పింది: వాడిన సూది రక్తంతో ఎయిడ్స్ లాంటివి అంటకుండా గుచ్చుకున్న గంటల్లో మందు మొదలుపెడితే మంచిది, మూడు రోజులు దాటితే మొదలుపెట్టినా ఫలితం ఉండదు. ఎంత ఆలస్యమైతే మందు అంత బలహీనం. ఆ మాట విన్నప్పుడు ఆవిరమ్మ తల కూడా ఊపింది.

తోటికోడలు వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటూ నవ్వింది. "తేలు కుట్టిన దొంగలాగున్నాను చూడు. అరవడానికి లేదు." తర్వాత అంది, "ఇదేమన్నా మొదటిసారా? పోయినేడు నాలుగుసార్లు గుచ్చుకుంది. బతికే ఉన్నాగా. సోమవారం గడవనీ."

ఆవిరమ్మ కుళాయి కట్టేసింది. అది అప్పటికే కట్టేసి ఉంది. ఇంకొంచెం తిప్పింది.

"మంగళవారం పొద్దున్నే వెళ్దాం అక్కా" అంది.

"నేనూ అదే అనబోతున్నా."

ఆదివారం లాండ్రీకి సెలవు. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. తోటికోడలు కింద, ఆవిరమ్మ పైన, మరిది వెనక గదుల్లో. వంట మాత్రం కిందే. పొద్దున్నుంచీ ఆవిరమ్మకి ఫోన్లు. సంఘం అధ్యక్షుడు రెండుసార్లు చేశాడు. "మా బతుకులు మీ చేతిలో పెట్టామమ్మా. ఆ నాలుగు వాక్యాలూ పోతే మళ్ళీసారి మీ వెనక ఊరంతా నడుస్తుంది" అన్నాడు. పోకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పనవసరం లేని మనిషి.

ఆమె వంటగదిలోకి వచ్చేసరికి తోటికోడలు పొయ్యి దగ్గర నిలబడి ఉంది గానీ కూరగాయలు అలాగే ఉన్నాయి.

"నువ్వు తరుగు. నాకు కళ్ళు ఆనడం లేదు" అంది.

ఎన్నడూ ఎవరి చేతికీ కత్తి ఇవ్వని మనిషి. ఆవిరమ్మ తరగడానికి కూర్చుంది. చాలా రోజులకి తరుగుతోంది. ముక్కలు పెద్దవీ చిన్నవీ అయ్యాయి.

"సభలో ఇలాగే కోస్తారా బిల్లుల్ని?" అంది తోటికోడలు.

"అంతకంటే ఘోరంగా."

మరిది మనవరాలు నడవడం నేర్చుకుంటోంది. అది గోడ పట్టుకుని వచ్చి తోటికోడలి కాళ్ళకి చుట్టుకుంది. మామూలుగా అయితే ఎత్తుకుని, చంకనేసుకుని, ఒంటి చేత్తో వంటంతా చేస్తుంది. ఇవాళ పిల్లని మోకాలితో మెల్లిగా తప్పించి, "చిన్న నానమ్మ దగ్గరికెళ్ళు, చూడు, ఆవిడ దేశాన్నే ఎత్తుకుంది, నిన్ను ఎత్తుకోలేదా" అంది. పిల్ల ఆవిరమ్మ దగ్గరికి వచ్చి ఒళ్ళోకి ఎక్కింది. గిన్నెల గూట్లో ఒక గ్లాసు విడిగా, బోర్లించి ఉంది. తుడుచుకునే తువ్వాలు ఒకటి కిటికీ ఊచకి విడిగా వేలాడుతోంది. ఆవిరమ్మ చూసింది. ఫోను మోగింది. పిల్లని దింపి బయటికి వెళ్ళింది.

సోమవారం గదంతా రంగు వాసన. పెట్టెలు విప్పారు. నీలం గ్లౌజులు, పది వేళ్ళకీ పది కొసలతో. ఆడవాళ్ళు తొడుక్కుని ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. "ఇవి వేసుకుంటే నా చేతులు ఎవరివో అనిపిస్తున్నాయే" అంది ఒకామె. ఇంకొకామె, "పోనీలే, సాయంత్రం దాకా వాళ్ళ చేత పని చేయించు" అంది.

గోడకి మేకు ఉంది. కత్తెర లేదు. కత్తెర వేలాడిన చోట గోడ మీద తెల్లటి మచ్చ. మరిది దానికి రంగు వెయ్యడం మరిచిపోయాడు.

తోటికోడల్ని ఇంట్లో ఉండమన్నారు. ఆమె వచ్చేసింది. "నేను లేకపోతే బల్ల దగ్గర వీళ్ళు అటూ ఇటూ చూస్తారు. దొంగలెవరో ఇట్టే తెలిసిపోతుంది" అంది. గ్లౌజు లోపల గుడ్డపీలిక లావుగా కనపడకుండా రెండు గ్లౌజులు తొడుక్కుంది.

కమిటీవాళ్ళు వచ్చారు. ముందు అధ్యక్షుడు, వెనక నలుగురు సభ్యులు, వాళ్ళ వెనక కెమెరా మెడలో వేసుకున్న పత్రికతను. ఆవిరమ్మ బాయిలరు చూపించింది, తిరిగే తొట్లు చూపించింది, దుప్పటి ఒక వైపు తడిగా వెళ్ళి ఇంకో వైపు కాగితంలా వచ్చే రోలరు చూపించింది. చూపించేటప్పుడు ఆమె గొంతులో ఉత్సాహం నిజమైనదే. ఆ రోలరు తెచ్చిన రోజు వీళ్ళిద్దరూ దాని ముందు స్టూళ్ళు వేసుకుని కూర్చుని పొద్దు పోయేదాకా చూశారు.

ఏరుడు బల్ల దగ్గర అధ్యక్షుడు ఆగాడు. కాసేపు చూశాడు. కొత్త గ్లౌజుల్లో చేతులు తడబడుతున్నాయి. తడి అంచులు జారిపోతున్నాయి.

"పని ఇంత నిదానంగా ఉంటుందా?" అన్నాడు.

"జాగ్రత్త కోసమండీ" అన్నాడు మరిది.

అధ్యక్షుడు బల్ల తల దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, గ్లౌజులు రోజూ వేసుకుంటారా?"

"వేసుకోకుండా బల్ల దగ్గరికి రానివ్వరు బాబూ" అంది తోటికోడలు. అది నిజమే.

"సూదులు గుచ్చుకుంటాయా?"

తోటికోడలు ఆవిరమ్మ వైపు చూడలేదు. కళ్ళజోడు నాడా సర్దుకుంది. "మా చెల్లి యజమానురాలయ్యాక ఆ బాధ లేదు" అంది.

ఆయన తల ఊపాడు. సభ్యుల్లో ఒకాయన, "ఇలాంటి చోట చట్టమెందుకు" అని పక్కాయనతో అన్నాడు. ఆ మాట మరిది చెవిన పడింది. అతని భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. పని అయిపోయినట్టే.

పత్రికతను కెమెరా ఎత్తాడు. "మేడం, ఒక ఫోటో. మీరూ పెద్దమ్మగారూ కలిసి దుప్పటి మడుస్తున్నట్టు."

"మడుస్తున్నట్టు ఏమిటి, మడుస్తాం" అంది ఆవిరమ్మ.

రోలరు నుంచి వచ్చిన దుప్పటి తీసుకున్నారు. చెరో వైపు నిలబడి నాలుగు మూలలూ పట్టుకున్నారు. విదిలించారు. మధ్యకి మడిచారు. దూరంగా జరిగి లాగి, బిగువు చూసుకుని, ఒకరి వైపు ఒకరు నడిచారు. ఇన్నేళ్ళలో ఎన్ని దుప్పట్లు మడిచారో ఎవరికి తెలుసు. ఇంట్లో పోట్లాడుకుని మాటల్లేని రోజుల్లో కూడా మడిచారు. నడిచి దగ్గరికొచ్చాక ఒకరి వేళ్ళలోంచి ఇంకొకరి వేళ్ళలోకి అంచు మారుతుంది. ఆ మారడంలో వేళ్ళకి వేళ్ళు తగులుతాయి. అప్పుడు రెండో ఆమె వంగి కింది మడత అందుకుంటుంది.

తోటికోడలు దగ్గరికొచ్చింది. వేళ్ళు తగలబోయే చోట చేయి వెనక్కి తీసుకుంది. దుప్పటి అంచు ఇద్దరి మధ్యా జారి నేల మీద పడింది.

"అయ్యో" అన్నాడు పత్రికతను. "ఇంకోసారి."

ఇంకోసారి పట్టుకున్నారు. నడిచారు. ఈసారి తోటికోడలు అంచుని మూర దూరం నుంచి, కొసన పట్టుకుని అందించింది. వేడి గిన్నె అందించినట్టు. నొప్పి వల్ల కాదు. నొప్పి పుట్టే వేలు రెండో చేతిది. ఆవిరమ్మ ఆమె ముఖం చూసింది. తోటికోడలు పెదవులు కదలకుండా, "తగలకు. నీకెందుకు" అంది.

ఊచకి విడిగా వేలాడిన తువ్వాలు. బోర్లించిన గ్లాసు. గోడ పట్టుకుని వచ్చిన పిల్ల.

ఆవిరమ్మ దుప్పటి వదిలేసింది. తోటికోడలి చేయి పట్టుకుని పై గ్లౌజు లాగేసింది. కింది గ్లౌజు లాగేసింది.

"ఏంటే నువ్వు" అంది తోటికోడలు.

"అయ్యా" అంది ఆవిరమ్మ అధ్యక్షుడితో. గొంతు మామూలుగానే ఉంది. "ఈ గ్లౌజులు ఇవాళ పొద్దున విప్పినవి. మేం రోజూ వాడేవి వేరే ఉన్నాయి." బల్ల వెనక బీరువా తలుపు తీసి, బకెట్టు బయటికి లాగింది. బకెట్టు నిండా పాత గ్లౌజులు. మీద కత్తెర. ఒక గ్లౌజు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన తన వేలు దాంట్లో దూర్చి, అవతల నుంచి బయటికొచ్చిన కొస చూసుకున్నాడు. "ఎవరు కోశారు?"

"మొదటి జత నేనే కోసుకున్నాను. వచ్చినవాళ్ళందరికీ నేనే నేర్పాను. గుడ్డలో ఏముందో వేలికి తెలియాలని."

"సూది కూడా తెలుస్తుంది" అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు. తోటికోడలి వేలి పీలిక వైపు చూశాడు. "ఎప్పుడు?"

"శనివారం పొద్దున."

ఆయన గోడ గడియారం చూశాడు. గ్లౌజు జేబులో పెట్టుకున్నాడు. "మరి ఇంకా ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నారు?" అన్నాడు. "నా కారు బయటే ఉంది."

కారులో తోటికోడలు మాట్లాడలేదు. పెద్దాసుపత్రిలో రక్తం తీసేటప్పుడూ మాట్లాడలేదు. ఎక్కడ గుచ్చుకుంది, ఎలా గుచ్చుకుంది, యజమాని ఎవరు అని అడిగితే ఆవిరమ్మే చెప్పింది. మొదటి మాత్రలు వేశారు. మాత్రల వల్ల కళ్ళు తిరగొచ్చు, కాసేపు పడుకోవాలన్నారు. ముట్టుకుంటే అంటుకునేదేమీ లేదని, పిల్లని ఎత్తుకోవచ్చని నర్సు చెప్పింది. అప్పుడు తోటికోడలు గోడ వైపు తిరిగి కాసేపు నిలబడింది.

నర్సు దుప్పటి తేవడానికి వెళ్ళాక నోరు విప్పింది. "నా నోటితో అబద్ధం చెప్పించి, నీ నోటితో నిజం చెప్పావు. బాగుందే నీ పంచాయితీ."

"అవునక్కా."

"అంతమందిలో నేను అబద్ధాలకోరునయ్యాను. నువ్వు మంచిదానివయ్యావు."

"మంచిదాన్నైతే శనివారమే తీసుకొచ్చేదాన్ని."

తోటికోడలు కాదనలేదు.

ఫోను మోగింది. మరిది. "మధ్యాహ్నం మూటలు రాలేదు వదినా. వ్యాను ఖాళీగా పంపించారు. ఫోన్ చేస్తే పెద్దవాళ్ళతో మాట్లాడమంటున్నారు." అతని వెనక రోలరు చప్పుడు లేదు. "సంఘం ఆయన చేశాడు. ఇకనుంచి మీ వదిన ఊళ్ళో ఎలా తిరుగుతుందో చూస్తామన్నాడు. బల్ల దగ్గర వీళ్ళంతా ఊరికే నిలబడి ఉన్నారు. ఏం చెయ్యమంటారు?"

"స్టూళ్ళ మీద కూర్చోమను."

"తర్వాత?"

"తర్వాత సంగతి నేనొచ్చి చూస్తాను. ఆ మేకు పీకెయ్."

"పెద్దొదిన ఎలా ఉంది?" అన్నాడు.

"తిడుతోంది."

"అయితే ఫరవాలేదు" అని పెట్టేశాడు.

నర్సు దుప్పటి తెచ్చి మంచం మీద పడేసి, ఇంకెవరో పిలిస్తే వెళ్ళింది. తోటికోడలు దాని మూల పట్టుకుని చూసింది. మూలన ఎర్ర దారంతో కుట్టిన చిన్న గుర్తు.

"మనదే" అంది.

"మనదే."

"ఇది ఎవరు మడిచారు? అంచు అంచున లేదు. చూడు ఎలా వంకరపోయిందో. నేను రెండు నిమిషాలు అటు తిరిగితే చాలు." దుప్పటి పూర్తిగా విప్పి విదిలించింది. అలవాటుగా విదిలించి, ఒక్క క్షణం ఆగి, మడతల్లోకి కళ్ళజోడు దించి చూసింది. ఏమీ లేదు. "పట్టుకో ఆ చివర."

ఆవిరమ్మ పట్టుకుంది. మధ్యకి మడిచారు. దూరంగా జరిగి లాగారు. ఒకరి వైపు ఒకరు నడిచారు. తోటికోడలి చేయి మళ్ళీ మూర దూరంలో ఆగింది. ఆవిరమ్మ ఇంకో అడుగు వేసి, అంచుతో పాటు వేళ్ళని కూడా పట్టుకుంది. కట్టు కట్టిన వేలు ఆమె అరచేతిలో వెచ్చగా ఉంది.

తోటికోడలు లాక్కోలేదు. కాసేపటికి వంగి కింది మడత అందుకుంది.

నాలుగు మడతలయ్యాక నర్సు గుమ్మంలో నిలబడి ఉంది. "పరుచుకుని పడుకోమని ఇస్తే మడుస్తారేమిటమ్మా?"

ఇద్దరూ దుప్పటి వైపు చూశారు. అంచుకి అంచు సరిగ్గా కుదిరింది. ఇద్దరూ దాన్ని మళ్ళీ విప్పారు.